పొలం పని వ్యాయామమేనా? ముట్లుడిగిన మహిళా రైతుల దేహదారుఢ్యంపై ఒక పరిశీలన

గ్రామ స్థాయి విస్తరణ సమావేశాల్లో మహిళా రైతుల ఆరోగ్యం ప్రస్తావనకు వచ్చినప్పుడు రక్తహీనత, పౌష్టికాహారం, పురుగుమందుల వాడకంలో జాగ్రత్తలు వంటి అంశాలు చర్చకు రావడం పరిపాటి. వ్యాయామం మాట ఎత్తితే మాత్రం సభలో నవ్వులు వినిపిస్తాయి. తెల్లవారుజామున పేడకళ్ళు ఎత్తడంతో మొదలుపెట్టి, పగలంతా నడుము వంచి నాట్లు వేసి, సాయంత్రం పశువులకు గడ్డి మోపు నెత్తిన పెట్టుకొని వచ్చే మనిషికి ప్రత్యేకంగా వ్యాయామం ఎందుకన్నది ఆ నవ్వు వెనుక ఉన్న ప్రశ్న. ప్రశ్న సహేతుకమైనదే. దానికి విస్తరణ శాస్త్రవేత్తలు సాధారణంగా ఇచ్చే సమాధానం మౌనం. ఆ మౌనం వల్ల నష్టపోతున్నది ముఖ్యంగా 45 ఏళ్ళు దాటిన మహిళలు. వరి, పత్తి, మిరప సాగులో చేతిపనిలో అధిక భాగం నేటికీ వీరి మీదనే నడుస్తున్నది. వీరిలో ఒకరికి తుంటి ఎముక విరిగితే ఆ కుటుంబం ఒక కూలీని, ఒక పశుపోషకురాలిని, ఒక వంటమనిషిని ఒకేసారి కోల్పోతుంది.

శ్రమకూ వ్యాయామానికీ ఉన్న భేదాన్ని శరీరశాస్త్ర దృష్టితో పరిశీలించి, ముట్లుడిగిన తరువాత మహిళా రైతుకు ఏది అవసరమో, అందులో పొలం పని ఏ మేరకు సమకూరుస్తున్నదో, ఏ మేరకు సమకూర్చలేకపోతున్నదో నిర్ణయించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముట్లు ఆగడం, మనవద్ద ముందుగానే

వరుసగా 12 నెలలు రుతుస్రావం కాకపోతే ముట్లు ఉడిగినట్లు వైద్యులు నిర్ధారిస్తారు. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్ళ ప్రాంతంలో జరుగుతుండగా భారతీయ స్త్రీలలో 46, 47 ఏళ్ళకే జరుగుతున్నది. తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడు మరొక పరిస్థితి ఉన్నది. 2015–16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వయసు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అటువంటి స్త్రీలలో శస్త్రచికిత్స జరిగిన మధ్యస్థ వయసు దేశంలో 34 ఏళ్ళు మాత్రమే. గర్భసంచితో పాటు రెండు అండాశయాలను కూడా తొలగిస్తే ఈస్ట్రోజెన్ ఉత్పత్తి ఆ రోజుతోనే దాదాపు నిలిచిపోతుంది. అండాశయాలను ఉంచినప్పటికీ అవి సహజ గడువు కంటే ముందుగానే విరమించే అవకాశం ఎక్కువ. కాబట్టి మన గ్రామాల్లో ‘ముట్లుడిగిన మహిళ’ అనగానే 55 ఏళ్ళ అవ్వను ఊహించుకోవడం సరికాదు. 38 ఏళ్ళ నాట్ల కూలీ కూడా ఆ కోవలోకి రావచ్చు. శిక్షణకు మహిళలను ఎంపిక చేసేటప్పుడు వయసు ఒక్కటే అడిగి, ఈ విషయం అడగకపోవడం ఒక లోపం. అడిగే పద్ధతి మర్యాదగా ఉంటే, అడిగేది ఏ.ఎన్.ఎం. గానీ మహిళా శాస్త్రవేత్త గానీ అయితే, సమాధానం చెప్పడానికి గ్రామీణ మహిళలు సంకోచించరు.

ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు శరీరంలో మూడు మార్పులు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. ఎముకను కరిగించే కణాల మీద ఉన్న అదుపు సడలి, కొత్త ఎముక ఏర్పడే వేగం కంటే పాత ఎముక కరిగే వేగం పెరుగుతుంది. మొదటి 5 నుంచి 7 ఏళ్ళలో ఈ నష్టం అత్యధికం. వెన్నెముకలో ఏటా 2 శాతం వరకు ఉండవచ్చు. రెండవది కండర క్షీణత. కండరం పరిమాణం తగ్గడం కంటే దాని బలం తగ్గడం వేగంగా జరుగుతుంది. మూడవది, తొడలలో ఉండే కొవ్వు పొట్ట చుట్టూ చేరడం, దానితో పాటు రక్తపోటు, మధుమేహం ముప్పు పెరగడం. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం వంటి బాధల గురించి స్త్రీలు తమలో తాము చెప్పుకుంటారు. ఎముక, కండరం మాత్రం ఏ బాధా చూపకుండానే తరిగిపోతాయి. ఆవిర్లను వ్యాయామం తగ్గిస్తుందని గట్టిగా చెప్పడానికి తగిన ఆధారాలు ఇంతవరకు లేవు. ఆ ఆశ చూపి మహిళలను వ్యాయామానికి రప్పించడం తగదు.

ఎముకకు కావలసినది ఏమిటి

ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను మలచుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. ఎటువంటి బరువు, ఎన్నిసార్లు, ఎంత విరామంతో అన్నది తేలడానికి మరో 90 ఏళ్ళు పట్టింది. 1984లో క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ కోడిపుంజుల రెక్క ఎముక మీద చేసిన ప్రయోగం వ్యవసాయ విద్యార్థులకు సులువుగా అర్థమవుతుంది. ఎముకను కదలిక లేకుండా వేరుచేసి, దాని మీద రోజుకు నిర్ణీత సంఖ్యలో బరువును మోపారు. ఏ బరువూ పడని ఎముక తరిగిపోయింది. రోజుకు 4 సార్లు బరువు పడినది ఉన్నంత నిలుపుకుంది. 36 సార్లు పడినది గట్టిగా పెరిగింది. 360 సార్లు, 1800 సార్లు పడిన ఎముకలు 36 సార్లు పడినదాని కంటే అదనంగా పెరగలేదు.

నత్రజని మోతాదుకు పైరు స్పందనను గీసిన రేఖను చూసినవారికి ఇది కొత్త కాదు. కొంతవరకు దిగుబడి వేగంగా పెరిగి, ఆ తరువాత రేఖ చదునవుతుంది. పోలిక ఇంకొంత దూరం సాగుతుంది. వరికి మొత్తం నత్రజనిని ఒకేసారి వేయకుండా దమ్ములోను, దుబ్బు చేసే దశలోను, అంకురం ఏర్పడే దశలోను విభజించి వేయమని చెప్తాము. ఎముక కణాల విషయంలోనూ విభజనే లాభసాటి. బరువు పడిన తరువాత కొద్దిసేపటికే అవి స్పందించడం మానేస్తాయి. ఎలుకల మీద జరిపి 2001లో ప్రచురించిన పరిశోధనల్లో ఆ స్పందన తిరిగి పూర్తిగా రావడానికి సుమారు 8 గంటల విరామం అవసరమని తేలింది.

రూబిన్, లాన్యన్ జంటే మరో ముఖ్య విషయాన్ని కూడా అదే ఏడాది నిరూపించింది. కదలిక లేని నిలకడ బరువును ఎముక అసలు లెక్కచేయదు. అది పడినా, పడకపోయినా ఎముకకు ఒకటే. బరువు పడి, తొలగి, మళ్ళీ పడాలి. అది కూడా ఎముకకు అలవాటైన దానికంటే ఎక్కువ స్థాయిలో పడాలి. వీటినిబట్టి ఎముకకు మేలు చేసే వ్యాయామ లక్షణాలను చెప్పవచ్చు: బరువు ఎక్కువగా ఉండాలి, సంఖ్య తక్కువగా ఉండాలి, కదలిక ఉండాలి, విరామం ఉండాలి, అలవాటైన కొద్దీ బరువు పెరగాలి. ఇప్పుడు ఈ కొలబద్దతో పొలం పనిని కొలవవచ్చు.

నాట్ల భంగిమ

హెక్టారు వరి నాటడానికి సుమారు 25 నుంచి 30 పనిదినాలు పడతాయి. నాట్లు వేసే మహిళ మోకాళ్ళు దాదాపు నిటారుగా ఉంచి, నడుము దగ్గర వంగి, వెన్ను నేలకు సమాంతరంగా ఉండగా వెనక్కు నడుస్తూ పనిచేస్తుంది. చూసేవారికి వెన్ను కండరాలు విపరీతంగా శ్రమిస్తున్నట్లు కనిపిస్తుంది. వాస్తవం వేరు. నడుము పూర్తిగా వంగినప్పుడు వెన్ను వెంబడి ఉండే కండరాలు చాలావరకు విశ్రమిస్తాయి. బరువంతా వెన్నుపూసల మధ్య బిళ్ళల మీద, వాటిని కట్టి ఉంచే బంధనాల మీద పడుతుంది. అంటే ఆరేడు గంటల శ్రమ తరువాత కండరానికి బలం వచ్చే పని జరగలేదు, బంధనాలు సాగాయి, వెన్నుపూసల ముందు అంచు మీద ఒత్తిడి గంటల తరబడి నిలిచింది. కదిలేవి చేతివేళ్ళు, ముంజేతులు, పాదాలు. ఎముకకు ఇది దాదాపు నిలకడ బరువే. మిరప కోత, కలుపు తీత, పల్లి ఏరడం వంటివి కూడా కొద్ది తేడాతో ఇదే కోవకు చెందుతాయి.

వెన్ను ముందుకు వంగడం గుల్లబారిన ఎముకకు ఏం చేస్తుందో అమెరికాలోని మాయో క్లినిక్‌లో మెహర్‌షీద్ సినాకి, మికెల్సన్ 1984లో ప్రచురించిన పరిశీలన సూచిస్తుంది. వెన్నెముక గుల్లబారిన, ముట్లుడిగిన 59 మంది స్త్రీలలో కొందరు వెన్నును వెనక్కు వంచే వ్యాయామాలు, కొందరు ముందుకు వంచేవి, కొందరు రెండూ చేశారు. కొందరు ఏదీ చేయలేదు. తరువాత వెన్నుపూసలు కొత్తగా నలిగినవారు వెనక్కు వంచిన బృందంలో 16 శాతం, ముందుకు వంచిన బృందంలో 89 శాతం, రెండూ చేసినవారిలో 53 శాతం, ఏమీ చేయనివారిలో 67 శాతం. బృందాలు చిన్నవి, లాటరీ పద్ధతిలో విభజించినవి కావు. కాబట్టి శాతాలను అక్షరాలా పట్టుకోనవసరం లేదు. అయినా దిశ స్పష్టం. ఏ వ్యాయామమూ చేయకపోవడం కంటే తప్పు వ్యాయామం చేయడం ప్రమాదకరం కావచ్చు. గుల్లబారిన ఎముకలు గల మహిళను మరుగుదొడ్డి లేని రోజుల్లో, కుళాయి లేని రోజుల్లో వంగి పనిచేసినట్లే నేడు ‘పొట్ట తగ్గడానికి’ వంగి పాదాలను తాకమని చెప్పే శిక్షకులు ఉన్నారు. వారికి ఈ పరిశీలన తెలియవలసి ఉన్నది.

అదే సినాకి బృందం 2002లో ప్రచురించిన మరొక అధ్యయనం ఆశ కలిగిస్తుంది. 58 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసు గల 50 మంది స్త్రీలలో కొందరు రెండేళ్ళ పాటు బోర్లా పడుకొని, వీపున చిన్న బరువు కట్టుకొని, ఛాతీని పైకి లేపే వ్యాయామం చేశారు. ఆ తరువాత మానేశారు. వ్యాయామం మొదలైన 10 ఏళ్ళకు పరీక్షించినప్పుడు వారి వెన్నుపూసల్లో 1.6 శాతం నలిగి ఉండగా, చేయనివారిలో 4.3 శాతం నలిగి ఉన్నాయి. రెండేళ్ళ పెట్టుబడి ఎనిమిదేళ్ళ తరువాత కూడా ఫలితమిచ్చిందన్నమాట.

శ్రమ వేరు, సాధన వేరు

ఉద్యోగంలో భాగంగా చేసే శారీరక శ్రమ, తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు ఒకే విధమైన మేలు చేయవని డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ తదితరులు దశాబ్ద కాలానికి పైగా చెప్తున్నారు. స్త్రీల విషయంలో ఈ తేడా పురుషులలో కనిపించినంత స్పష్టంగా లేదు. అయితే వారు చూపే కారణాలు మన పొలాలకు చక్కగా వర్తిస్తాయి. పనిలో తీవ్రత తక్కువ, వ్యవధి ఎక్కువ. గుండె వేగం రోజంతా కొంత హెచ్చుగానే ఉంటుంది. రక్తపోటు దిగే సమయం చిక్కదు. కోలుకోవడానికి విరామం దొరకదు. ఎప్పుడు ఆగాలో, ఎంత వేగంగా చేయాలో పనిచేసేవారి చేతిలో ఉండదు. ముఠా కట్టి, ఎకరానికి ఇంత అని గుత్తకు నాట్లు వేసే మహిళలకు ఈ చివరి మాట వివరించనక్కరలేదు.

దీనికి తోడు పొలం పని కాలానుగుణమైనది. నాట్ల నెలలో శరీరం మీద పడే భారం, ఆ తరువాతి నెలల్లో పడే భారం ఒకటి కావు. ఎముకలో ఒక చోట పాతది కరిగి కొత్తది నిండే ఒక చక్రం పూర్తికావడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. అంతకంటే తక్కువ కాలం, అదీ అకస్మాత్తుగా, భారం వేసి తీసేస్తే ఎముకకు మిగిలేది అలసటే.

ఈ నేపథ్యంలో యాంత్రీకరణను కూడా నిజాయితీగా చూడాలి. డ్రమ్ సీడర్, నాటు యంత్రం, కలుపు మందులు, కంబైన్ హార్వెస్టర్ గత రెండు దశాబ్దాల్లో స్త్రీల నడుము నొప్పిని నిస్సందేహంగా తగ్గించాయి. శ్రమ తగ్గింపు సాధనాల రూపకల్పనలో మన విశ్వవిద్యాలయాల సామాజిక విజ్ఞాన కళాశాలలు, అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాలు, భువనేశ్వర్‌లోని కేంద్రీయ మహిళా వ్యవసాయ సంస్థ చేసిన కృషి విలువైనది. కానీ కోత కోసి, పనలు కట్టి, మోపు ఎత్తి, కళ్ళం చేర్చే పనితో పాటు, పైకి లేచి కిందకు దిగే కదలిక, కాళ్ళకు, తుంటికి అందే మారుతూ ఉండే బరువు కూడా పోయాయి. మిగిలినవి వంగి చేసే పనులు, కూర్చొని చేసే పనులు. అంటే హాని చేసే శ్రమలో కొంత మిగిలి, మేలు చేసే శ్రమ చాలావరకు తొలగింది. పాత శ్రమను తిరిగి తెమ్మని దీని అర్థం కాదు. ఆ వాదన చేసేవారు ఒక్క పూట కోతకు వెళ్ళి చూడవచ్చు. తొలగిన బరువుకు బదులు కొలిచి, ఎంచి, వారానికి ఒక గంట బరువును తిరిగి ఇవ్వడం గురించే ఇక్కడ చెప్తున్నది.

ఎంత బరువు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ తీవ్రత గల శ్రమను, దానితో పాటు కనీసం 2 రోజులు కండర బలం పెంచే వ్యాయామాలను సూచిస్తున్నాయి. 65 ఏళ్ళు దాటినవారికి బలం, నిలకడ పెంచే వ్యాయామాలు వారంలో 3 రోజులు ఉండాలి. మధ్యస్థ తీవ్రతను గుర్తించడం తేలిక: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మొదటి భాగంలో మహిళా రైతు ఉత్తీర్ణురాలే. పొలానికి నడిచి వెళ్ళి రావడంతోనే చాలామందికి అది సరిపోతుంది. లోటంతా రెండవ భాగంలో ఉన్నది. నడక గుండెకు, రక్తంలో చక్కెరకు మంచిదే. వెన్నెముక సాంద్రతను మాత్రం నడక ఒక్కటే పెంచలేదు.

బరువు విషయంలో ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం చేసిన ‘లిఫ్ట్‌మోర్’ ప్రయోగం వైద్యుల జంకును చాలావరకు తీర్చింది. ఎముక సాంద్రత తక్కువగా ఉన్న, 58 ఏళ్ళు పైబడిన 101 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా చేశారు. ఒక బృందం వారానికి 2 రోజులు, రోజుకు 30 నిమిషాలు, 8 నెలల పాటు శిక్షకుల పర్యవేక్షణలో నేల మీది బరువును నడుము ఎత్తుకు లేపడం, భుజాన బరువుతో కూర్చుని లేవడం, బరువును తల మీదికి ఎత్తడం, పైనుంచి దూకి కాళ్ళ మీద దిగడం చేసింది. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతానికి మించిన బరువును వాడారు. ఒక్కో దఫాకు 5 సార్లు చొప్పున 5 దఫాలు. రెండవ బృందం ఇంటివద్ద తేలికపాటి వ్యాయామాలు చేసింది. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి బృందంలో నడుము వెన్నుపూసల సాంద్రత 2.9 శాతం పెరగగా, రెండవ బృందంలో 1.2 శాతం తగ్గింది. మొదటి బృందంలో ఒకరికి నడుము స్వల్పంగా పట్టుకోవడం తప్ప ప్రమాదం జరగలేదు. బరువు చూస్తే భయం కలుగుతుంది కానీ, మొదటి నెల వారు భారీ బరువులెత్తలేదు. ముఖ్యంగా ఎత్తే పద్ధతిని నేర్చుకున్నారు. ఈ ఒక్క వివరం విస్మరిస్తే ప్రయోగం మొత్తం తలకిందులవుతుంది.

వయసు మీరిందన్న అభ్యంతరానికి 1990లోనే సమాధానం దొరికింది. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలోని 86 నుంచి 96 ఏళ్ళ వయసు గల 10 మందికి మరియా ఫియాటరోన్ 8 వారాల పాటు కాళ్ళతో బరువెత్తే శిక్షణ ఇచ్చారు. పూర్తి చేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది.

ఊరిలో ఆచరణ

వ్యాయామశాల లేకపోవడం అడ్డంకి కాదు. ఇసుక, ఖాళీ యూరియా సంచి, రెండు బకెట్లు, ఒక కుర్చీ, ఒక గోడ చాలు. 15 లీటర్ల బకెట్‌లో నిండుగా నీరు పోస్తే 15 కిలోలు. సగం పోస్తే ఏడున్నర. తూకం వేసే యంత్రం కూడా అవసరం లేదు. ఇంత కచ్చితమైన, ఇంత చవకైన బరువు పట్టణ వ్యాయామశాలల్లోనూ దొరకదు.

మొదటిది, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం. అది తేలికయ్యాక ఇసుక సంచిని గుండెలకు హత్తుకొని లేవడం. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు గొంతుక్కూర్చోకుండా ఎత్తు పీటతో మొదలుపెట్టాలి. మోకీళ్ళ అరుగుదలకు తొడ కండరాలు బలపడటమే మొదటి చికిత్స కనుక నొప్పి ఉన్నదని పూర్తిగా మానడం సరికాదు. రెండవది బరువెత్తే పద్ధతి. బకెట్‌ను రెండు మూడు ఇటుకల మీద ఉంచి, ఛాతీ ఎత్తి, వెన్ను నిటారుగా ఉంచి, తుంటిని వెనక్కు నెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి లేపాలి. వంగేది తుంటి; వెన్ను కాదు. నాట్లలో ముప్పై ఏళ్ళు వెన్ను వంచిన మహిళకు ఈ తేడా మాటలతో చెప్తే అర్థం కాదు. వీపు వెంబడి ఒక కర్రను తల వెనుక, వీపు మధ్య, నడుము కింద మూడు చోట్ల తగిలేలా పట్టి, ఆ కర్ర ఎక్కడా ఎడం కాకుండా వంగమంటే పది నిమిషాల్లో పట్టుబడుతుంది. శిక్షణ మొత్తంలో సమయం ఎక్కువగా వెచ్చించవలసినది ఇక్కడే. ఆమె ధాన్యం బస్తా ఎత్తినా, మనవడిని ఎత్తినా, పాల క్యాను ఎత్తినా ఇదే పద్ధతి పనికి వస్తుంది.

వీటితో పాటు చిన్న సంచిని భుజం నుంచి తల మీదికి ఎత్తడం, గోడ పట్టుకొని మడమలెత్తి దించడం, బోర్లా పడుకొని ఛాతీ లేపడం, స్తంభం పక్కన ఒంటికాలిపై నిలబడటం చేర్చుకోవాలి. ఆఖరుదానిని తేలికగా చూడరాదు. ఎముక విరగడానికి ముందు మనిషి పడిపోవాలి; గట్టు మీద, పాచి పట్టిన బావి పళ్ళెం దగ్గర పడకుండా ఆపేది ఎముక సాంద్రత కాదు, కాలి నిలకడ.

ఎనిమిది నుంచి పదిసార్లు చేసేసరికి ఇక చేయలేమనిపించే బరువు సరైన బరువు. పన్నెండుసార్లు సులువుగా చేయగలిగితే ఒకటి రెండు లీటర్ల నీరు పెంచాలి. వారానికి 2 రోజులు, మధ్య కనీసం 2 రోజుల విరామంతో చేస్తే చాలు. ఊపిరి బిగపట్టరాదు. నాట్ల రోజుల్లో బరువులు పూర్తిగా ఆపి, అరగంటకొకసారి గట్టెక్కి, చేతులు నడుము మీద ఉంచి వెనక్కు వంగడం ఒక్కటే చేయాలి. చాలాసేపు వంగి పనిచేసిన వెంటనే నారు కట్టల బుట్టనో, ఎరువు బస్తానో ఎత్తకూడదు. సాగిన బంధనాలు తిరిగి బిగియడానికి కొన్ని నిమిషాలు నిటారుగా నిలబడనివ్వాలి.

బహిరంగంగా ఎవరూ ప్రస్తావించని మరొక అంశం ఉన్నది. బరువెత్తినప్పుడు, దగ్గినప్పుడు మూత్రం జారడం, గర్భాశయం కిందకు దిగడం వల్ల చాలామంది స్త్రీలు వ్యాయామానికి దూరంగా ఉంటారు. కారణం మాత్రం మోకాలి నొప్పి అని చెప్తారు. కటి అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే ప్రచారంలోకి తెచ్చాడు. మూత్రం ఆపుకుంటున్నప్పటి వలె ఆ కండరాలను ఐదారు సెకన్లు బిగించి, అంతసేపు వదలడం. పదిసార్ల చొప్పున రోజుకు మూడు పూటలు. కూర్చుని, నిలబడి, బస్సు కోసం ఎదురుచూస్తూ చేయవచ్చు. బరువుల శిక్షణకు ముందు రెండు నెలలు ఇది నేర్పాలి. గర్భాశయం బయటికి కనిపించే స్థితిలో ఉన్నవారిని, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారిని, ఇదివరకే వెన్నుపూస నలిగినవారిని వైద్యులకు చూపించకుండా బరువుల శిక్షణకు తీసుకోరాదు.

ఆహారం గురించి

బరువు ఇచ్చినంత మాత్రాన ముడిసరుకు లేకుండా ఎముక పెరగదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అల్పాదాయ వర్గానికి చెందిన, 30 నుంచి 60 ఏళ్ళ వయసు గల 289 మంది స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 29 శాతం మందికి తుంటి ఎముక మెడ భాగం గుల్లబారినట్లు తేలింది. అదే ఏడాది తిరుపతి నుంచి వెలువడిన అధ్యయనంలో ముట్లుడిగిన 164 మందిలో విటమిన్ డి తగినంత ఉన్నవారు 18 శాతమే. ఎండలో పనిచేసేవారికి ఈ కొరత ఉండదన్న నమ్మకం కూడా నిలవలేదు. తిరుపతి పరిసరాల్లో 2007లో ప్రచురితమైన మరొక సర్వేలో గ్రామీణ స్త్రీలలో సుమారు 70 శాతం మందికి ఆ లోపం కనిపించింది. ఆహారంలో కాల్షియం కొరతను, ధాన్యాల్లోని ఫైటేట్ల పాత్రను ఆ పరిశోధకులు ఎత్తిచూపారు. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వులు, మునగాకు, తోటకూర, పాలు, మజ్జిగ మిగిలినది పూరించగలవు. పాలన్నీ కేంద్రానికి పోసి, ఇంట్లో నల్ల టీ తాగే పాడి రైతు కుటుంబాల సంగతి విస్తరణ సిబ్బందికి తెలియనిది కాదు.

విస్తరణకు, పరిశోధనకు కొన్ని పనులు

కొత్త పథకం అవసరం లేదు. స్వయం సహాయక సంఘాలు ఎలాగూ సమావేశమవుతాయి. ఆ సమావేశానికి ముందు అరగంట, వారంలో మరొక రోజు అరగంట చాలు. తెల్లవారుజామున మాత్రం పెట్టకూడదు. నాలుగున్నరకే లేచే మహిళ నిద్రలో నుంచి మరో అరగంట తీసుకుంటే వ్యాయామం వల్ల వచ్చే లాభం అక్కడే పోతుంది. శిక్షకులుగా బయటివారి కంటే ఊరిలోనే నాట్ల ముఠాలకు పెద్దగా ఉండే మహిళలు తగినవారు. ముఠా పెద్ద గట్టెక్కి వెనక్కు వంగితే మిగతా పదిమందీ వంగుతారు. శాస్త్రవేత్త చెప్తే తలూపుతారు.

కొలతలకు ఖరీదైన పరికరాలు లేకపోయినా ఫరవాలేదు. 43 సెంటీమీటర్ల ఎత్తు గల కుర్చీలోంచి చేతులు గుండెల మీద కట్టుకొని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కించడం అంతర్జాతీయంగా ఆమోదించిన పరీక్ష. 60 నుంచి 64 ఏళ్ళ స్త్రీ 12 సార్లు, 65 నుంచి 69 ఏళ్ళ స్త్రీ 11 సార్లు లేవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పరిగణిస్తుంది. గోడకు అంటించిన టేపుతో ఏటా ఎత్తు కొలవవచ్చు. ఏడాది రెండేళ్ళలో 2 సెంటీమీటర్లు తగ్గితే వెన్నుపూస నలిగిందేమో ఎక్స్‌రే తీయించాలి. ఎత్తు తగ్గడాన్ని ముసలితనంగా భావించి వదిలేయడం వల్ల మొదటి వెన్నుపూస నలిగినప్పుడు దొరకవలసిన హెచ్చరిక చేజారుతున్నది.

పరిశోధన విద్యార్థులకు ఇక్కడ చేయదగిన పని చాలా ఉన్నది. శ్రమ తగ్గింపు సాధనాలను పరీక్షించేటప్పుడు గుండె వేగం, ఖర్చయిన శక్తి, నొప్పి తీవ్రత కొలుస్తున్నాము. పరీక్షకు ఎంచుకునే మహిళలు తరచుగా పాతిక, ముప్పై ఏళ్ళవారే. ముట్లుడిగిన మహిళలను వేరు బృందంగా తీసుకొని, సాధనం వాడకం వల్ల వెన్ను ఎంతసేపు వంగి ఉన్నది, తుంటికి, కాళ్ళకు అందిన బరువు ఎంత తగ్గింది అన్నవి కూడా నమోదు చేస్తే సాధనానికి ఇచ్చే మార్కులు మారవచ్చు. నిలబడి నెట్టే కోనో వీడర్, వంగి తీసే చేతి కలుపు, మందు పిచికారీ ఈ మూడింటిని గుండె వేగంతో పోలిస్తే కోనో వీడర్ బరువైన పనిగానే నమోదవుతుంది. వెన్ను కోణంతో, కాళ్ళ మీది భారంతో పోలిస్తే ముట్లుడిగిన మహిళకు పైవరుసలో నిలిచేది అదే కావచ్చు. కుర్చీ పరీక్షను మే నెలలో నారుమడులకు ముందు ఒకసారి, నవంబరులో కోతల తరువాత ఒకసారి జరిపితే, ఒక ఖరీఫ్ కాలం పని ఆమె కాళ్ళకు బలాన్ని ఇచ్చిందో, తీసుకున్నదో ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్ళలో తేల్చి చెప్పగలడు.